కుస్తీ ఊరిలో భూకంప యంత్రం

ఢిల్లీలో ఏడు రోజులు ఉండి వచ్చాను. ఎర్రకోట చూడలేదు. మేడ మీద బట్టలు ఆరేస్తుంటే కుతుబ్ మీనార్ దూరంగా కనిపించింది, అంతే. వాటికి బదులు మెట్ల కింద ఒక గూడు, ఒక కారు షెడ్డు, ఒక గేదెల మేత కొట్టం, పొలంలో ఒక బోరు గది చూశాను. ఈ మాట చెబితే మా స్కూల్ స్టాఫ్ రూమంతా నవ్వింది. కావలిలో ఇరవై రెండేళ్లుగా ఎనిమిదో తరగతికి సోషల్ చెబుతున్నాను. భూమి లోపలి పొరల బొమ్మ బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. ఆ పొరల్ని నిజంగా ఎలా కొలుస్తారో చూసింది మాత్రం ఈ ప్రయాణంలోనే.

మా అక్క కూతురు శ్రావణి అక్కడ భూకంప తరంగాల మీద పరిశోధన చేస్తోంది. ఢిల్లీ చుట్టుపక్కల మూడు చోట్ల యంత్రాలు పెట్టింది. అందులో నజఫ్‌గఢ్ అవతల ఒక ఊళ్లో, యంత్రానికి చోటిచ్చిన పెద్దాయన ఇక దాన్ని తీసుకుపొమ్మన్నాడట. ‘నేను మాట ఇచ్చి తీసుకున్న వస్తువు ఇది. తిరిగి ఇవ్వాలంటే మీ ఇంటి పెద్ద చేతికే ఇస్తాను, పిలిపించు’ అన్నాడట.

శ్రావణి నాకు ఫోన్ చేసింది. వాళ్లమ్మకు హిందీ రాదు. మా బావగారికి కోపం ఎక్కువ, వస్తే రెండు మాటలని యంత్రాన్ని ఎత్తుకొచ్చేస్తారు. "నువ్వైతే పాఠం చెప్పినట్టు చెప్తావు పిన్నీ. ఆ యంత్రం పోతే ఏడాది పని పోయినట్టే" అంది. మా అమ్మకు ఐదుగురు పిల్లల్లో నేను ఆఖరిదాన్ని. ఇన్నేళ్లలో మా ఇంట్లో ఎవరూ నన్ను పెద్దదానిగా లెక్కేయలేదు. దసరా సెలవులకు మరో నాలుగు రోజులు కలుపుకుని రైలెక్కాను.

కటవారియా సరాయ్

శ్రావణి గది మూడో అంతస్తులో ఉంది. సందు ఎంత ఇరుకంటే, ఎదురింటి అమ్మాయి తన బాల్కనీలోంచి చేయి చాపి మా కిటికీలో పెన్ను పెట్టగలదు. ఒకసారి పెట్టింది కూడా. కింద అన్నీ జిరాక్స్ షాపులు, పరీక్షల పుస్తకాలు, చాయ్ బండ్లు. ఎవరిని చూసినా చేతిలో ఏవో నోట్సు ఉంటాయి.

పొద్దున పరాఠాల బండి దగ్గర నిలబడ్డాం. బండి నడిపే దీదీది బీహార్. ఆలూ పరాఠా నలభై రూపాయలు, మీద వెన్న ముద్ద. మీ ఊళ్లో పొద్దున ఏం తింటారని ఆమె అడిగితే దోసెలు, ఇడ్లీలు అన్నాను. రోజూ పులిసిన పిండి తింటే కడుపు పాడవదా అని ఆమె నిజంగానే ఆందోళన పడింది. రోజూ ఇంత వెన్న తింటే ఏమవుతుందోనని అప్పటికే నాకూ అదే ఆందోళన.

తింటూనే శ్రావణి తన పని చెప్పింది. మన దేశపు నేల ఉత్తరానికి జరుగుతూ హిమాలయాల కిందికి దూరుతోందని మనం పాఠంలో చదివిందే. అలా దూరేటప్పుడు ఆ పైపొర ఎక్కడ వంగుతోంది, ఎంత లోతుకు దిగుతోంది? తవ్వి చూడలేం. అందుకని ఎక్కడో వేల కిలోమీటర్ల అవతల వచ్చే భూకంపాల కోసం కాచుకుంటారు. వాటి తరంగాలు భూమి లోపలి నుంచి ప్రయాణించి మన కాళ్ల కిందికి వస్తాయి. పైపొర అడుగును దాటేటప్పుడు తరంగంలో కొంత భాగం విడిపోయి నెమ్మదిగా నడిచే రకంగా మారుతుంది. ముందు వేగంగా వచ్చే తరంగం తాకుతుంది, కొన్ని సెకన్లకు రెండోది తాకుతుంది. మధ్యలో ఎన్ని సెకన్లు గడిచాయో చూస్తే పొర మందం తెలుస్తుంది.

ఆమె తోటివాళ్ల యంత్రాలు ఉత్తరాఖండ్ కొండల్లో ఉన్నాయి. శ్రావణి వంతు ఢిల్లీ వైపు, అంటే ఆ నేల ఇంకా కిందికి దిగకముందు ఎలా ఉందో చూడటం. అది తెలియకపోతే దిగాక ఏం మారిందో చెప్పలేరు. ఇంత చెప్పి, నజఫ్‌గఢ్ యంత్రానికి ఇంకో జబ్బు కూడా ఉందని నసిగింది. రోజూ తెల్లవారుజామున రెండు గంటలపాటు అందులో ఏదో పిచ్చి గీతలు పడుతున్నాయట. ఎవరిదో బోరు మోటారు అయి ఉంటుందని ఆమె అనుమానం.

ఆర్.కె. పురంలో కొబ్బరికాయ

మూడు యంత్రాలకూ బ్యాటరీలు చూసి, రికార్డులు దించుకునే పని ఎలాగూ ఉంది. తోడు వచ్చే స్నేహితురాలి కాలు విరగడంతో ఆ పనికి కూడా నేనే కుదిరాను. మొదట ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్స్‌లోని విజయ ఆంటీ ఇంటికి వెళ్లాం. వాళ్లది కరీంనగర్. అంకుల్‌కు కేంద్ర ప్రభుత్వంలో ఉద్యోగం. మైదానంలో దసరా నాడు కాల్చిన రావణుడి వెదురు బొంగులు ఇంకా అలాగే పడి ఉన్నాయి.

యంత్రం మెట్ల కింద ఉంది. ఇంట్లో వాడే ప్రెషర్ కుక్కరంత గుండ్రటి డబ్బా, దాని పక్కన బ్యాటరీ పెట్టె, పెట్టె మీద ఆకుపచ్చ దీపం. నేను ఊహించుకున్న దానిలో పదో వంతు కూడా లేదు. డబ్బాకు పసుపు, కుంకుమ, మీద బంతిపూల దండ. శ్రావణి ముఖం పాలిపోయింది. ఆంటీ మాత్రం ఏమీ దాచలేదు.

"ఆయుధపూజ నాడు మిక్సీకి చేసిన, సారు కారుకు చేసిన. ఇదొక్కదానికి ఎందుకు చెయ్యొద్దు? ఆర్నెల్ల సంది మా ఇంట్లనే ఉంటున్నది గదా."

వాళ్లమ్మాయి మేఘ పదో తరగతి. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో ఇస్తుంది. మమ్మీ దాని ముందే కొబ్బరికాయ కూడా కొట్టిందని అదే హిందీలో బయటపెట్టింది. శ్రావణి లాప్‌టాప్‌లో ఆ రోజు గీతలు తీసింది. పది దాటాక, నున్నటి గీత మీద మూడు ముళ్లు నిలబడి ఉన్నాయి. రెండు చిన్నవి, ఒకటి పెద్దది. కొబ్బరికాయ మూడో దెబ్బకు పగిలిందని ఆంటీ ఒప్పుకుంది. ఇది గుర్తుపెట్టుకున్నదా అని యంత్రాన్ని కొత్తగా చూసింది. మేఘ ఆ తెరను ఫోటో తీసుకుంది. ఆ తర్వాత ఆంటీ మమ్మల్ని కూర్చోబెట్టి సర్వపిండి పెట్టింది. కావలిలో నేనెప్పుడూ తినలేదు. ఢిల్లీ వెళ్లి సర్వపిండి రుచి తెలుసుకున్నానంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

జనక్‌పురి దారిలో

మూడో రోజు బ్యాటరీ సంచితో మెట్రో ఎక్కబోయాం. తనిఖీ దగ్గర అందులో ఏముందని అడిగితే, నేను నా హిందీ మీద నమ్మకంతో ‘భూకంపానికి బ్యాటరీ’ అన్నాను. యంత్రమన్న మాట నోట రాలేదు. మమ్మల్ని పక్కన నిలబెట్టి ఇంకో ఇద్దరిని పిలిచారు. శ్రావణి తన కాగితాలన్నీ చూపించాక నవ్వి వదిలేశారు గానీ, అలాంటి బ్యాటరీ రైల్లోకి రాకూడదు కాబట్టి ఆటోలో వెళ్లమన్నారు. పాఠం చెప్పడానికి తీసుకొచ్చిన మనిషి మొదటి మాటకే ఇలా చేసిందేమని శ్రావణి దారంతా నవ్వుతూనే ఉంది.

జనక్‌పురిలో కారు షెడ్డులో యంత్రం క్షేమంగా ఉంది. ఆ ఇంటి పంజాబీ అమ్మమ్మ మమ్మల్ని రాజ్మా చావల్ తినకుండా కదలనివ్వలేదు. ఆమె వడ్డించే పద్ధతి మన వైపులాగే ఉంది. చాలని మనం చేయి అడ్డం పెడితే ఆ చేయి పక్కకు తోసి మరీ వేస్తుంది.

నజఫ్‌గఢ్ అవతల

నాలుగో రోజు మధ్యాహ్నానికి ఆ ఊరు చేరాం. ఆవాలు చల్లడానికి చేలు దున్నుతున్నారు. పెద్దాయన పేరు రణబీర్ సింగ్, ఒకప్పటి మల్లయోధుడు. ఊరంతా ఆయన్ని తావూజీ అంటుంది, అంటే పెదనాన్న. చెవులు రెండూ ముడుచుకుపోయి ఉన్నాయి. కుస్తీలో నలిగి అలా అవుతాయట. ఆయన భార్య తాయీజీ మా చేతుల్లో చెరో పెద్ద ఇత్తడి గ్లాసు మజ్జిగ పెట్టింది. అంత గ్లాసు మా ఇంట్లో నలుగురికి సరిపోతుంది.

యంత్రం మేత కొట్టంలో, దుమ్ము పడకుండా గోనెపట్టా కప్పుకుని ఉంది. దీపం వెలుగుతోంది. వద్దనుకుంటున్నా ఆయన దాన్ని ముట్టుకోలేదు. అప్పగించిన వస్తువు కదా అన్నాడు.

సంగతి ఏమిటంటే, కొన్ని వారాల కిందట ఢిల్లీలో నేల కాస్త అదిరింది. ఈ ఊళ్లో ఒక గోడకు పగులు వచ్చింది. యంత్రమే భూకంపాన్ని పిలుస్తోందని ఎవరో అన్నారు, అందరూ నమ్మారు. నేను తరగతిలోలాగే మొదలుపెట్టాను. మంచం మీది రెండు దుప్పట్లు తీసుకుని, ఇది మన దేశం, అది టిబెట్ అని ఒకదాని కిందికి ఒకటి నెట్టాను. పై దుప్పటి ముడతలు పడి లేచింది. ఇవే హిమాలయాలు అన్నాను. నా హిందీలో లింగాలన్నీ తారుమారయ్యాయి గానీ తావూజీ శ్రద్ధగా విన్నాడు. విని, దుప్పట్ల వైపు చాలాసేపు చూశాడు.

"కిందికి దూరినవాడు ఓడిపోతున్నాడని అనుకుంటున్నారేమో మాస్టర్నీజీ. కుస్తీలో పైవాణ్ని ఎత్తాలంటే ముందు వాడి కిందికి దూరాలి. ఆ కొండల్ని మోస్తున్నది మనమే అన్నమాట."

ఇరవై రెండేళ్లుగా చెబుతున్న పాఠం నాకే కొత్తగా వినిపించింది. శ్రావణి ఆ మాట తన పుస్తకంలో రాసుకుంది. అయినా ఆయన నిర్ణయం మారలేదు. తనకు అర్థమైంది గానీ ఊరికి అర్థం కావాలి కదా అన్నాడు. ఆ పూటకు అక్కడే ఉండిపొమ్మన్నారు. పొద్దున్నే యంత్రం తీసి ఇస్తానన్నాడు. శ్రావణి సరేనంది. నా పక్కన పడుకున్నాక, ఈ మూడు యంత్రాల వరస ఇక్కడే తెగిపోతే మిగతా రెండూ ఉన్నా ఏం లాభం పిన్నీ అంది. తల నిమిరాను.

అఖాడా

తెల్లవారుతుండగా దబ్బుమన్న చప్పుళ్లకు మెలకువ వచ్చింది. మేత కొట్టం గోడ అవతల, ఇరవై అడుగుల దూరంలో అఖాడా. తవ్వి మెత్తబరిచిన మట్టిలో పన్నెండు మంది కుస్తీ పడుతున్నారు. ఒకణ్ని ఇంకొకడు ఎత్తి పడేస్తుంటే నా కాళ్ల కింద నేల అదిరింది. నాకు ఆర్.కె. పురం కొబ్బరికాయ గుర్తొచ్చింది. శ్రావణిని లేపి, యంత్రంలో పిచ్చి గీతలు ఎన్ని గంటలకు మొదలవుతాయని అడిగాను. ఆమె సరిగ్గా జవాబు చెప్పబోయి ఆగి, గోడ వైపు చూసింది.

"ఏంది పిన్నీ, ఆర్నెల్లుగా మోటార్లు వెతుకుతున్నానే" అంది.

ఆమె ఇంతకుముందెప్పుడూ ఈ ఊరికి ఆ వేళలో రాలేదు. వచ్చినప్పుడల్లా మధ్యాహ్నమే, అప్పటికి అఖాడా ఖాళీ.

సాధన అయ్యాక లాప్‌టాప్ మంచం మీద పెట్టి ఆ ఉదయపు గీతలు తెరిచింది. మట్టి కొట్టుకున్న పహిల్వాన్లందరూ చుట్టూ మూగారు. తావూజీ కళ్లజోడు పెట్టుకుని తెర మీద వేలు నడిపాడు. వరసగా, సమానంగా ఉన్న చిన్న గీతలు చూసి ఇవి బస్కీలు అన్నాడు. తర్వాత ఒక పెద్ద ముల్లు దగ్గర ఆగి, సమయం అడిగి, ఇది సోనూ వెల్లకిలా పడింది అన్నాడు. సోనూ అనే ఆ నూట పది కిలోల మనిషి సిగ్గుపడ్డాడు. తన దెబ్బ ఎంత పెద్దగా పడిందో చూపించమని మిగతావాళ్లు ఒకరి తర్వాత ఒకరు అడిగారు.

గోడ పగిలిన ఇంటాయన కూడా ఆ గుంపులో ఉన్నాడు. తావూజీ ఆయన వైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు. "చూశావు కదా. ఇది వింటోంది, పిలవడం లేదు. సోనూను ఇదే పడేసిందంటావా?" ఆ ఇంటాయన తను కూడా ఒకసారి గెంతి, గీత పడిందేమో చూపించమన్నాడు. పడింది. యంత్రం ఉంటుందని అక్కడే తేలిపోయింది.

అందరూ సంతోషంగా ఉంటే శ్రావణి మాత్రం తల పట్టుకుంది. ఇన్నాళ్లూ మంచి భూకంపాలు ఎన్నో ఈ కుస్తీల కింద కూరుకుపోయాయని ఆమెకు అప్పుడే అర్థమైంది. యంత్రం ఉండాలి, కానీ ఇక్కడ కాదు. నిశ్శబ్దంగా ఉండే చోటు కావాలి. ఈ ఊళ్లో అలాంటిది ఎక్కడుందని అడిగాను. పహిల్వాన్లు తావూజీ వైపు చూశారు. చివరికి తాయీజీ, పొలంలో ధరమ్‌బీర్ పాత బోరు గది ఉంది కదా, అందులో మోటారు కూడా లేదు అంది. తావూజీ ముఖం గోడలా అయిపోయింది.

ధరమ్‌బీర్ బోరు గది

ధరమ్‌బీర్ ఆయన సొంత తమ్ముడు. పదకొండేళ్లుగా మాటల్లేవు. తాయీజీ నాకు గోధుమలు ఏరుతూ చెప్పింది. ఒక కుస్తీ పోటీకి తావూజీ నిర్ణేత. ధరమ్‌బీర్ కొడుకు వీపు నేలకు తగిలిందని తీర్పు చెప్పాడు. తగల్లేదని ధరమ్‌బీర్ అన్నాడు. ఆ కొడుకు ఇప్పుడు సైన్యంలో హవల్దార్. సెలవులకు వచ్చినప్పుడల్లా తన వీపు తగిలిన మాట నిజమేనని తనే చెబుతాడట. తండ్రికి మాత్రం అది ఎక్కదు.

భోజనాలయ్యాక తావూజీ తలపాగా చుట్టుకుని వచ్చి నిలబడ్డాడు. పదండి మాస్టర్నీజీ, మీరు పక్కనుంటే అడుగుతాను అన్నాడు. ఆ క్షణంలో నాకు నిజంగానే భయం వేసింది. నన్ను ఇంటి పెద్దగా పిలిచింది ఒక యంత్రం కోసం, ఇప్పుడు రెండు ఇళ్ల మధ్య నిలబడాలి. పొలం గట్టు మీద అరకిలోమీటరు నడిచాం.

ధరమ్‌బీర్ మంచం మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. అన్నను చూసి లేచాడు. కూర్చోమనలేదు. తావూజీ కూడా ఆయన్ని చూడకుండా, దూరంగా బోరు గదిని చూస్తూ, ఈ పిల్ల చదువుకు ఆ గది కావాలి అన్నాడు. అంతే. నేను మిగతాది అందుకుని, ఏం యంత్రమో, ఏం వింటుందో నా లింగాలు తప్పిన హిందీలో చెప్పాను. ధరమ్‌బీర్ శ్రావణిని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"మనిషి వీపు నేలకు తగిలిందో లేదో కూడా ఇది చెబుతుందా?"

దగ్గర్లో పడితే చెబుతుంది అంకుల్ అంది శ్రావణి, ఆ కథ తెలిసి కూడా.

ఆయన తాడు పక్కన పెట్టాడు. "పదకొండేళ్లు ఆలస్యంగా తెచ్చారు" అన్నాడు.

ముందు తావూజీ భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడో దగ్గుతున్నాడో తెలియలేదు. ధరమ్‌బీర్ నవ్వలేదు గానీ తాళంచెవి తీసి నా చేతికిచ్చాడు. గది మీకిస్తున్నాను, ఆయనకు కాదు అన్నాడు. ఠీక్ హై అన్నాడు తావూజీ. పదకొండేళ్లలో అన్నదమ్ముల మధ్య నడిచిన మొదటి మాటలు ఇవేనని తాయీజీ తర్వాత చెప్పింది.

మర్నాడు గదిలో గొయ్యి తీసి, సిమెంటు పలక పరిచి, యంత్రాన్ని దింపాం. సోనూ ఒక్కడే బ్యాటరీలన్నీ మోసుకొచ్చాడు. నేను డబ్బాను ఉత్తరం వైపు తిప్పి పట్టుకునే పని చేశాను. నిజానికి శ్రావణి నన్ను రెండుసార్లు సరిదిద్దింది. రోజూ పొద్దున ఒకరు వచ్చి ఆకుపచ్చ దీపం చూసి వెళ్లాలి. నేను చూస్తానని అన్నదమ్ములిద్దరూ ఒకేసారి అన్నారు. ఇంకో తాళంచెవి చేయించి, ఇద్దరికీ తలోటి ఇచ్చి వచ్చాం.

ఏడో రోజు

సాయంత్రం నా రైలు. పొద్దున ఎనిమిదింటికి శ్రావణి ఫోన్ చూసి కెవ్వుమన్నంత పని చేసింది. ఇండోనేషియా వైపు సముద్రంలో భూకంపం వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. తరంగాలు మన దగ్గరికి చేరిన వేళ చూస్తే అది సరిగ్గా అఖాడాలో కుస్తీలు జరిగే సమయం. సామాను సర్దడం మానేసి ఆటో ఎక్కాం.

బోరు గది ముందు మంచం మీద అన్నదమ్ములిద్దరూ చెరో చివర కూర్చుని ఉన్నారు. మధ్యలో ఇంకో ఇద్దరు కూర్చోవచ్చు. శ్రావణి రికార్డు తీసి లాప్‌టాప్‌లో పెట్టి, ఏవో లెక్కలు నడిపింది. మేం నలుగురం తెర మీదికి వంగి చూశాం. నున్నటి గీత మీద ఒక పొడవాటి ముల్లు లేచింది. దాని తర్వాత ఐదు సెకన్లు నిండకుండానే ఇంకోటి, చిన్నదే గానీ స్పష్టంగా.

"అదే పిన్నీ. ఆ రెండోది మన నేల అడుగు నుంచి వచ్చింది" అంది.

ఎంత లోతని ధరమ్‌బీర్ అడిగితే, నలభై కిలోమీటర్లకు అటూ ఇటూ అని, ఇక్కడ ఇంకా తిన్నగానే ఉందని, ఉత్తరానికి పోయేకొద్దీ వంగి దిగుతుందని చెప్పింది. నలభై కిలోమీటర్లంటే ఇక్కడి నుంచి ఢిల్లీ అవతలి అంచు దాటినంత దూరమని తావూజీ లెక్కేశాడు. నేను చెప్పులు విడిచి నేల మీద నిలబడ్డాను. ఎందుకో అలా చేయాలనిపించింది. బోర్డు మీద సుద్దముక్కతో ఎప్పుడూ ఒక సన్నటి గీతగా గీసిన పొర అది.

బయలుదేరేటప్పుడు తాయీజీ రెండు కిలోల బెల్లం మూట కట్టిచ్చింది. రైల్లో చీమలు పట్టి, పై బెర్తు ఆయనకు నేను నాగపూర్ దాకా క్షమాపణలు చెప్పుకోవాల్సి వచ్చింది.

దీపావళి వెళ్లాక శ్రావణి ఫోన్ చేసింది. నెల రికార్డు దించుకుని వచ్చిందట. భూకంపాలు బాగా దొరికాయి, వాళ్ల గైడ్ సంతోషించారు, ఒక్కటే చిక్కు అంది. రోజూ పొద్దున ఏడింటికి యంత్రం దగ్గరికి ఎవరివో అడుగులు వస్తున్నాయి. బరువైన నడక. ఐదు నిమిషాలకు ఇంకొకరి అడుగులు. దీపం చూసి వెళ్లడానికి అర నిమిషం చాలు. మొదటి వారం అలాగే వెళ్లిపోయేవాళ్లు. ఇప్పుడు ముప్పావుగంట దాకా ఎవరూ కదలడం లేదు. మధ్యలో ఉండుండి చిన్న చిన్న ముళ్లు, మంచం మీద ఎవరో చరుస్తున్నట్టు.

వాళ్లను దూరంగా కూర్చోమని చెప్పాలేమో పిన్నీ అని అడిగింది.

ఆ ముప్పావుగంట వదిలేసుకోమన్నాను. సరే, మా గైడ్‌కు మాత్రం బోరు మోటారని చెప్తాలే అంది.